జూన్‌లో మూసిన కప్పు

మా రొదోపి కొండల్లో ఇళ్ళకు రాతి పలకలతో కప్పు వేస్తారు. పలక మీద పలక, మేకు లేకుండా, తమ బరువు మీదే నిలబడతాయి. ఎంత నేర్పుగా పేర్చినా చూరు కింద ఎక్కడో ఒకచోట వేలు పట్టే సందు మిగిలిపోతుంది. గబ్బిలానికి ఆ సందు చాలు. అందుకే మా ఊళ్ళో కప్పు మేస్త్రీ అంటే గబ్బిలాలను ఇంట్లోంచి సాగనంపే మనిషి కూడా. మా తాత, మా నాన్న, వాళ్ళ తర్వాత నేను ఆ పనే చేశాం. నా పేరు వేల్కో.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. ఆగస్టు చివరిదాకా ఆగాలి. అప్పటికి పిల్లలకు రెక్కలు గట్టిపడి తల్లులతోపాటు ఎగురుతుంటాయి. అవి వచ్చిపోయే కంత మీద సన్నటి వల వేలాడదీసి, కింది అంచు వదులుగా విడిచిపెట్టాలి. లోపలివి వల కిందుగా పాకి బయటికి పోతాయి. తిరిగొచ్చినవి నేరుగా కంత మీదే వాలబోతాయి కాబట్టి వల అడ్డుపడుతుంది. వారం చూసి, లోపల చప్పుడు లేదని తేలాక కంతను సున్నంతో పూడ్చాలి. ఒక్కటి కూడా చావదు. జూన్‌లో మాత్రం కప్పు జోలికి పోకూడదు. అప్పుడు లోపల చిక్కుడు గింజంత పిల్లలుంటాయి, ఒంటి మీద నూగు కూడా లేనివి. మునిమాపు వేళ తల్లులు వాటిని దూలానికి వదిలి మేతకు పోతాయి.

ఇదంతా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

కేరా మా ఊరి దర్జీ. ఇదంతా జరిగేనాటికి ఆమెకు యాభై మూడేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎడమకాలు కొంచెం ఈడ్చి నడిచేది. తండ్రి పోతూ పోతూ ఇల్లు కొడుకు స్టామెన్‌కు రాసి, కప్పు కింద ఉన్న పైగదిని మాత్రం కేరా బతికున్నంతకాలం కేరాకే అన్నాడు. నోటరీ కాగితంలో ఒక షరతు ఉంది: ఆమె తనంత తాను గది ఖాళీ చేసి వెళ్ళిపోతే ఆ హక్కు పోతుంది.

స్టామెన్ ఆమెకు తమ్ముడు. ఇరవై ఏళ్ళు పట్నంలో గాజు ఫ్యాక్టరీలో పనిచేశాడు. అది మూతబడ్డాక పెళ్ళాం వీదాను వెంటబెట్టుకుని ఊరికి వచ్చేశాడు. కొండలు చూడ్డానికి వచ్చేవాళ్ళకు గదులు అద్దెకిద్దామని వాళ్ళ ఆలోచన. కింది మూడు గదులకూ రంగులు వేయించారు. కానీ లోయంతా కనిపించేది పైగదిలోంచే. దాని కొయ్య వసారాలో నిలబడితే సాయంత్రం ఎండ అవతలి కొండ ఎక్కడం చూడొచ్చు. వచ్చినవాళ్ళందరూ ముందు ఆ గదే అడిగేవారు.

కేరాను కదిలించడానికి వాళ్ళు చేయనిది లేదు. పైకి వెళ్ళే నీళ్ళ గొట్టం పాడైందని చెప్పి కట్టేశారు. ఆమె బకెట్‌తో మోసుకుంది. మెట్ల మొదట్లో కుక్కను కట్టేశారు. ఆమె దానికి రొట్టె పెట్టి మచ్చిక చేసుకుంది. శీతాకాలంలో ఆమె వాటా కట్టెలు తడిపేశారు. ఆమె కోటు తొడుక్కుని కుట్టుమిషను తొక్కింది. ఆ మిషను చప్పుడు వినబడినప్పుడల్లా వీదా పళ్ళు నూరేదని ఊరంతా చెప్పుకునేవారు.

ఇక నా సంగతి. ఇరవై మూడేళ్ళప్పుడు నేను కేరాను పెళ్ళాడాలనుకున్నాను. మా అమ్మ వెళ్ళి అడిగింది. కేరా అప్పుడు ఊటబావి దగ్గర పదిమంది ఆడపిల్లల మధ్య నీళ్ళు పడుతోంది. "వేల్కోనా? వాడి ఒంటికి గబ్బిలాల పెంట వాసన. వాణ్ణి చేసుకుంటే రాత్రిళ్ళు దూలానికి తలకిందులుగా వేలాడుతూ పడుకోవాలి" అంది. ఆ పిల్లలు నవ్విన నవ్వు పొలాల దాకా వినిపించిందట. ఆ రోజు నుంచి నేను ఊరికి గబ్బిలం వేల్కోని. తర్వాత పెళ్ళి చేసుకున్నాను, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. బడిలో వాళ్ళను గబ్బిలం కూతుళ్ళనేవారు. నా భార్య పోయినప్పుడు శవయాత్రలో వెనకెవరో, గబ్బిలం పెళ్ళాం పోయింది పాపం, అనడం నా చెవిన పడింది. ఎవరు అన్నా నాకు వినిపించేది కేరా గొంతే.

జూన్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం స్టామెన్ మా ఇంటికి వచ్చాడు. పళ్ళెంలో దోసకాయ ముక్కలు, రెండు గ్లాసుల్లో సారాయి పోసి పెట్టాను. తన అటకలో గబ్బిలాలు చేరాయని, వసారా అంతా పెంట పడుతోందని చెప్పాడు. ఆగస్టు చివర్లో వస్తానన్నాను. ఇప్పుడెందుకు కాదని అడిగితే అంతా విడమరిచి చెప్పాను. అతను గ్లాసు తిప్పుతూ విన్నాడు.

"ఇప్పుడు మూసేస్తే లోపల మిగిలినవి ఎటు పోతాయి?" అని అడిగాడు.

"కిందికి. ఎక్కడ వెలుతురు కనబడితే అటు పాకుతాయి. చెక్కల సందుల్లోంచి జారి పడతాయి."

"మా అటక కింద ఏముంది?"

ఏముందో నాకూ తెలుసు, అతనికీ తెలుసు. అతను దోసకాయ ముక్కకు ఉప్పద్దుకుని నెమ్మదిగా నమిలాడు.

"గురువారం నీకు కుదురుతుందా అన్నా?"

కుదరదనడానికి నాకు కావలసినంత సమయం ఉంది. అతనేమీ తొందరపెట్టలేదు. "వాన పడకపోతే కుదురుతుంది" అన్నాను.

గురువారం వాన పడలేదు. పొద్దు వాలుతుండగా నిచ్చెన వేసుకుని చూరు దగ్గర కూర్చున్నాను. ఒక బుట్టలో జనపనార, ఒక బక్కెట్లో తడిపిన సున్నం, సన్నటి ఇనుప జాలీ ముక్కలు. తల్లులు ఒక్కొక్కటే బయటికి వచ్చి, నా మోకాళ్ళ పక్కనుంచి లోయ మీదికి ఎగిరిపోయాయి. నూట ముప్పై దాకా లెక్కపెట్టాను. ఆపైన లెక్క తప్పింది. అవి వెళ్ళాక లోపలినుంచి చిన్న చిటపటలు వినిపించాయి, పెనం మీద నీటిబొట్లు పడ్డట్టు. పిల్లలు తల్లులను పిలవడం అది.

మొదటి కంత పూడ్చాక వెలుగు చాల్లేదు. అప్పుడు పక్కనే పైగది కిటికీ తెరుచుకుంది. కేరా తల బయటికి పెట్టింది.

"వేల్కో, నువ్వా? ఈ చీకట్లో ఏం చేస్తున్నావు?"

తమ్ముడు పంపాడని, పలకలు కదిలాయని చెప్పాను. ఆమె ముఖం విప్పారింది. తన మంచం మీద వాన కారుతోందని రెండేళ్ళుగా మొత్తుకుంటోందట. చివరికి వాడికి మనసు కరిగిందన్నమాట, అంది. లోపలికి వెళ్ళి దీపం తెచ్చి, చెయ్యి బయటికి చాపి నాకు వెలుగు చూపించింది. చేయి నొప్పి పుడితే ఇంకో చేతికి మార్చుకుంది. అలా ముప్పావుగంట నిలబడింది. ఆ కుంటికాలి మీదే. ఆమె పట్టిన వెలుగులో నేను మిగతా నాలుగు కంతలూ పూడ్చాను. నార కుక్కి, జాలీ కొట్టి, పైన సున్నం మెత్తి, బొటనవేలితో నొక్కాను. చివరిదానికి వచ్చేసరికి లోపలి నుంచి ఒక పిల్ల మూతి నారకు తగిలింది. దాన్ని వేలితో వెనక్కి తోసి మూసేశాను.

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అంది కేరా, నేను నిచ్చెన దిగుతుంటే.

తెల్లవారే ముందు తల్లులు తిరిగొచ్చాయి. ఆ ఇంటి గోడ మీద వాలి కంతల చోటు వెతుక్కున్నాయి. ఎండ వచ్చినా పోలేదు. చూరు కింద గోడకు నల్లటి మరకల్లా అతుక్కుని ఉండిపోయాయి. వీదా పొడుగాటి చీపురుతో కొట్టి రాల్చింది. రాలినవాటిని పిల్లులు ఎత్తుకుపోయాయి. మూడు రోజులు ఇలాగే సాగింది. నాలుగోరోజుకు గోడ మీద ఏమీ లేదు.

అటకలో ఏం జరిగిందో నాకు కేరా నోటి నుంచే తెలిసింది. శనివారం పొద్దున స్టామెన్ నన్ను కాఫీకి పిలిచాడు. వంటింట్లో అతను, వీదా, పక్కింటి ముసలామె రూమెనా, పంచాయతీ గుమాస్తా కూర్చుని ఉన్నారు. గుమాస్తాను ఎందుకు పిలిచారో నాకు అప్పటికి తట్టలేదు. ఇంతలో మెట్ల మీద కేరా కాలు ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. చేతిలో మూకుడు పట్టుకుని వచ్చింది. అందులో పాత ఫ్లానెల్ గుడ్డ మీద ముప్పై, నలభై గబ్బిలం పిల్లలు ఉన్నాయి. కొన్ని కదులుతున్నాయి. రెండు రాత్రులుగా తన మంచం మీదా, దుప్పటి మీదా, జుట్టులోనూ పడుతున్నాయని ఆమె చెప్పింది. మేకపాలలో గుడ్డపీలిక ముంచి నోట్లో పెడితే ఒకటీ అరా చప్పరించాయట, మిగతావి లేదట. పెద్దవి కూడా మూడు నాలుగు గదిలో తిరుగుతున్నాయంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నిద్రలేదని చూడగానే తెలుస్తోంది.

వీదా ముక్కు మూసుకుంది. "చూశారుగా" అంది గుమాస్తాతో. "ఎక్కడెక్కడివో ఏరుకొచ్చి గదిలో పెంచుకుంటోంది. వచ్చేవాళ్ళు ఉండే ఇల్లిది. మతి సరిగ్గా లేని మనిషిని పైన పెట్టుకుని మేమేం చేయాలి?"

"కప్పులోంచి పడుతున్నాయి" అంది కేరా. "నేను తేలేదు."

స్టామెన్ నా వైపు తిరిగాడు. "వేల్కో అన్నా, కప్పు నువ్వే చూశావుగా. కంతలేమైనా ఉన్నాయా?"

"ఒక్కటి కూడా లేదు" అన్నాను. అది నిజమే. "గట్టిగా పూడ్చాను. బయటి నుంచి ఈగ కూడా దూరదు. కిటికీ తెరిచి పెట్టుకుంటే మాత్రం నేనేం చేయలేను."

గుమాస్తా ఏదో రాసుకున్నాడు. రూమెనా ముసలామె మూకుడు వైపు చూసి శిలువ గుర్తు వేసుకుంది. కేరా నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. గురువారం సాయంత్రం తను దీపం పట్టింది దేనికో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మూకుడు మీద గుడ్డ కప్పి మెట్లెక్కింది.

నేను గేటు దాటుతుంటే వెనకే వచ్చింది. ఒకచేత్తో కంచె పట్టుకుంది.

"స్టామెన్‌కు గది కావాలి, అది నాకు తెలుసు. నీకేం కావాలి వేల్కో? నీకు నేనేం చేశాను?"

చెప్పాను. ఊటబావి, ఆ పదిమంది ఆడపిల్లలు, తను అన్న మాట, ముప్పై ఏళ్ళుగా నాకూ నా పిల్లలకూ అంటుకున్న పేరు. ఆమె నుదురు ముడిచి వింది. గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించింది.

"నేను అన్నానా? అనే ఉంటాను. ఆ వయసులో కనబడ్డవాళ్ళనల్లా ఏదో ఒకటి అనేదాన్ని. నాకు గుర్తు లేదు" అంది.

కంచె వదిలి లోపలికి వెళ్ళిపోయింది. నేను ముప్పై ఏళ్ళు మోసిన మాట ఆమె దగ్గర ఒక్కరోజు కూడా నిలవలేదు. ఆ పూట నాకు కలిగింది పశ్చాత్తాపం కాదు, ఇంకా ఎక్కువ కోపం. ఇది దాచను.

ఆదివారం ఆమె తెరకు పట్టుకుని వేలాడుతున్న పెద్ద గబ్బిలాన్ని కిటికీలోంచి వదలబోతే అది వేలు కొరికింది. సూది గుచ్చినంత గాయం. కానీ గబ్బిలం కరిస్తే పిచ్చికుక్క కరిచినట్టే చూడాలని, వెంటనే పట్నం వెళ్ళి సూదులు వేయించుకోవాలని మా కొండల్లో అందరికీ తెలుసు. బస్సు మంగళవారం గానీ లేదు. ఊరి ఈ కొసన కారున్నది స్టామెన్‌కే. ఆ రోజు అతను అన్నది తర్వాత కోర్టులో ఆమె చెప్పింది, అతను కాదనలేదు. ఆమె వేలు చూపిస్తే అతను కారు తాళం టేబుల్ మీద పెట్టాడట.

"తీసుకెళ్తానక్కా. ఎందుకు తీసుకెళ్ళను? నీ మిషనూ బట్టలూ కూడా సర్దుకో, ఒకేసారి దింపేస్తాను. ఇంక రావక్కర్లేదు."

కేరా కాలినడకన బయలుదేరింది. పెద్దరోడ్డు దాకా తొమ్మిది కిలోమీటర్ల దిగుడు. ఆ సమయంలో నేను రోడ్డు పక్క ఒక కొట్టం కప్పు మీద ఉన్నాను. ఆమె తలకు గుడ్డ కట్టుకుని, వేలికి పీలిక చుట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ నా కిందుగా వెళ్ళింది. పైకి చూడలేదు. నేను మోటారుసైకిల్ మీదే వచ్చాను, అది కొట్టం గోడకు ఆనించి ఉంది. ఆమె మలుపు తిరిగేదాకా చూసి, తర్వాతి పలక ఎత్తుకున్నాను. మలుపు దాటాక పాలలారీవాడు ఎక్కించుకున్నాడని తర్వాత విన్నాను.

ఆసుపత్రిలో నెలరోజుల్లో ఐదు సూదులు వేయించుకోవాలన్నారు. కొండ మీంచి ఐదుసార్లు దిగలేక ఆమె పట్నంలో మేనత్త కూతురింట్లో ఉండిపోయింది. రెండో వారంలోనే స్టామెన్ గుమాస్తాను పిలిచి, గది ఖాళీగా ఉందని కాగితం రాయించాడు. సాక్షి సంతకం నాది. మిషనును మెట్ల కింద పడేశారు. గదికి కొత్త తాళం వేశారు. మంచం మార్చారు, తెల్లటి తెరలు కట్టారు. జూలై మొదట్లో పట్నం నుంచి ఒక జంట దిగింది.

వాళ్ళు ఒక్కరోజు ఉండి వెళ్ళిపోయారు. కప్పుకు, చెక్కలకు మధ్య చచ్చినవి ఎండకు ఉడికి కుళ్ళిపోతున్నాయి. చెక్కల సందుల్లోంచి పసుపుపచ్చని నీళ్ళు తెల్లదుప్పటి మీద కారాయి. స్టామెన్ నన్ను పిలిచి కప్పు విప్పి శుభ్రం చేయమన్నాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని చూరు వైపు పలకలు లేపాను.

కొన్ని పిల్లలు దూలానికే గుత్తిగా వేలాడుతూ ఎండిపోయాయి. ఎక్కువ భాగం నేను పూడ్చిన కంతల దగ్గర పోగుపడ్డాయి. నేను నొక్కినప్పుడు జాలీ, నార సందుల్లోంచి లోపలికి దూరిన సున్నం ఇంకా తడిగా ఉండగానే అవి దాన్ని గీకాయి. గోళ్ళు దిగబడ్డాక సున్నం గట్టిపడింది. పది పదిహేను పిల్లలు చేతులతో దానికి అతుక్కుని అలాగే ఉన్నాయి. లాగితే చేతులు సున్నంలో ఉండిపోయి ఒళ్ళు ఊడి వచ్చింది. నా బొటనవేలి ముద్రలు ఆ కంతలకే బయటి వైపున ఉన్నాయి. రెండు గోతాలు నిండాయి. పెరట్లో గొయ్యి తీసి పూడ్చాను. వీదా నిమ్మరసం తెచ్చి ఇచ్చింది. తాగలేకపోయాను.

ఆ రాత్రి నుంచి నాకు తిండి సహించలేదు. ఏదో గొప్ప మనసు మార్పు అనుకోవద్దు. నా చేతులు చూస్తే నాకే అసహ్యం వేసేది, అంతే. అక్టోబరులో కేరా కోర్టుకెక్కిందని తెలిసి, ఎవరూ పిలవకుండానే పట్నం వెళ్ళి ఆమె వకీలుకు జరిగినదంతా చెప్పాను. జడ్జి ముందు కూడా చెప్పాను. స్టామెన్ అడిగింది, నేను చెప్పింది, కంతలు, దీపం, మోటారుసైకిల్, సంతకం. జూన్ సంగతి తెలిసే చేశావా అని జడ్జి అడిగింది. తెలిసే చేశానన్నాను. ఎందుకు చేశావని అడిగితే పేరు సంగతి చెప్పాల్సి వచ్చింది. వెనక బల్లల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. కేరా నవ్వలేదు. తల తిప్పి చూడనూ లేదు. గబ్బిలాలను చంపడం నేరం కాబట్టి నా మీద వేరే కేసు రాశారు.

గది ఆమెకే అని తీర్పు వచ్చింది. డిసెంబరులో మంచు పడుతుంటే మేనత్త కూతురి కొడుకు ఆమెనూ మిషనునూ బండిలో తెచ్చి దింపాడు. అంతా చక్కబడిందని అనుకుంటే పొరపాటు. స్టామెన్ తీర్పును గౌరవించాడు, గదిని ఆమెకు ఇచ్చాడు. మెట్ల పక్క పట్టుకునే కమ్మీలను మాత్రం బాగుచేయించాలని ఊడదీసి మళ్ళీ బిగించలేదు. పైన వాన కారే చోటు అలాగే ఉంది. ఊరికే బాగుచేస్తానని రూమెనా ముసలామె ద్వారా కబురు పంపాను. వద్దని కబురొచ్చింది. ఆమె బేసిన్లు పెట్టుకుని పడుకుంటుంది. తమ్ముడితో, మరదలితో, నాతో ఒక్క మాట మాట్లాడదు. దారిలో ఎదురైతే నన్ను చూసి పక్కకు తప్పుకోదు, పలకరించదు. కంచె గుంజను దాటినట్టు దాటిపోతుంది.

ఊరివాళ్ళు నన్ను వెలివేస్తారనుకున్నాను. అదేం జరగలేదు. పనులు ఇంకా పెరిగాయి. కోర్టు సంగతి చుట్టుపక్కల ఐదారు ఊళ్ళకు పాకింది. ఏ నెలలోనైనా వేల్కో గట్టిగా మూసేస్తాడని జనానికి గుర్తుండిపోయింది. పోయిన జూన్‌లో మిట్కో అని కింది వీధి రొట్టెల కొట్టువాడు వచ్చాడు. అటకలో గబ్బిలాలున్నాయని, స్టామెన్ ఇంటికి చేసినట్టే తనకూ చేసిపెట్టమని అడిగాడు. తన అటక కింద ఎవరూ ఉండరు కాబట్టి గొడవేమీ లేదని నవ్వుతూ చెప్పాడు. ఆగస్టు చివర్లో వస్తానన్నాను. పిల్లల సంగతి, సున్నంలో నేను చూసినది, అన్నీ చెప్పాను. అతను మర్యాదగా విన్నాడు. పోనీలే అన్నా, నీకు ఓపిక లేకపోతే నేనే చూసుకుంటాలే, అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం మా వసారాలోంచి చూస్తే అతను అంగట్లో కొన్న, సందుల్లో కొడితే ఉబ్బి గట్టిపడే నురగ డబ్బా చంకలో పెట్టుకుని గోడకు నిచ్చెన వేస్తున్నాడు. అప్పుడే గబ్బిలాలు చూరులోంచి రావడం మొదలైంది. కేకేస్తే వినబడేంత దగ్గర. అతని పెళ్ళాం కింద నిచ్చెన పట్టుకుని ఉంది. నేను కాసేపు నిలబడ్డాను. తర్వాత లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని, పొయ్యి మీద చిక్కుడు పులుసు కలిపాను.